మత్తడి దుంకిన నాటి చావు డప్పు

మా తాత సాయన్న ఊరి నీరడి. చెరువు తూము ఎత్తడం, దించడం, వానాకాలమంతా కట్టను కాయడం ఆయన పని. ఎల్లారెడ్డి తాలూకా కచేరీలో వాన కొలవడానికి గాజు సీసా ఉండేదట. మా తాతకు దోసిలే సీసా. కట్ట వెనక కారే ఊటను దోసిట్లో పట్టి చూసేవాడు. తేటగా ఉంటే భయం లేదు. మట్టి రంగు తిరిగిందంటే నీళ్లు కట్టను లోపల్నుంచి తింటున్నట్టే. రోజుకు మూడుసార్లు చూసేవాడు. “సాయన్నకు కట్టే పెండ్లాం” అని ఊరంతా ఎకసెక్కాలు. అన్నవాళ్ల నోళ్లు పడిపోను, ఆ కట్ట కిందే కదా వాళ్ల మళ్లన్నీ!

నిజాంసాగర్ కట్టిన ఏడెనిమిదేళ్లకు సంగతి. వరుసగా మూడేళ్లు మా చెరువు నిండలేదు. నాలుగో ఏడు భాద్రపదంలో ముసురు పట్టి ఐదు రోజులు విడవలేదు. ఆరో రోజు పొద్దున చెరువు నిండి మత్తడి దుంకింది.

మత్తడి అంటే అలుగే. దాని మీంచి నీళ్లు పొర్లాయంటే మాకు పండుగే. నీరడి కట్ట మీద డప్పు కొడతాడు, ఆడవాళ్లు కట్ట మైసమ్మకు బోనాలెత్తుకొని వస్తారు. మొదటి బోనం నీరడి ఇంటిదే. ఆ ఏడు దాన్ని మా అమ్మ ఈరవ్వ ఎత్తింది. తాతకు ఒక్కతే బిడ్డ, పెండ్లయి ఆర్నెల్లు. ఊరు మిట్ట మీద ఉంది, మైసమ్మ గద్దె మత్తడి పక్కన. నడుమ దారి కట్ట కింది వాగులోంచే, మత్తడి నీళ్లు అవతలి పక్కకు పోతాయి.

డప్పు కొట్టి పక్కన పెట్టి, తాత అలవాటు కొద్దీ తూము వెనక ఊట పట్టి చూశాడు. దోసిట్లో ఎర్రమట్టి నీళ్లు. తలెత్తితే బోనాలు మిట్ట దిగి వాగులోకి వస్తున్నాయి. అందరికంటే ముందు బిడ్డ.

“ఎనుకకు పోండ్రి! కట్ట తెగుతది, పోండ్రి!”

మత్తడి హోరులో ఆయన గొంతు ఆయనకే వినపడలేదు. కట్టెక్కి డప్పందుకొని గబగబా కొట్టాడు. అదే ఆయన చేసిన తప్పు. నీరడికి సంబరం ఆగడం లేదనుకున్నారు వాళ్లు. వాళ్ల డప్పులూ జోరెత్తాయి. తాత చెయ్యి ఊపితే ఈరవ్వ నవ్వుతూ తనూ ఊపింది.

తాత దరువు మార్చాడు. చావు డప్పు మొదలుపెట్టాడు.

బోనమెత్తిన బిడ్డకు ఎదురుగా కన్నతండ్రి చావు డప్పు! అంతకు మించిన అపశకునం మా దిక్కున లేదు. అది చెవిన పడితే బోనం ముందుకు నడవకూడదు, వచ్చిన దారినే ఇల్లు చేరాలి. “తల్లీ, ఈ పాపం నా నెత్తిన పెట్టు, నా బిడ్డను ముట్టకు” అని ఏడుస్తూ, కొడుతూ మిట్ట వైపు కట్ట కొస దాకా నడిచాడట.

వాగులో డప్పులు ఆగిపోయాయి. బోనాలు వెనక్కి తిరిగాయి. పటేలు లక్ష్మీరాజం మాత్రం కర్ర పట్టుకొని కట్ట కొసకు ఉరికొచ్చాడు.

“నీ నోట్ల మన్నువడ! పండుగపూట ఎవడు సచ్చిండురా?”

“ఎవ్వలు సావద్దనే కొడుతున్న, పటేలా.”

వీపు మీద రెండు దెబ్బలు పడ్డాయి. తాత డప్పు ఆపలేదు. ముసలి సాలవ్వ ఇంకా వాగులోనే ఉంది, ఇద్దరు ఆమెను రెక్కలు పట్టి లాక్కుపోతున్నారు. ఆమె మిట్టెక్కాకే తాత చేతులు దించాడు. మూడో దెబ్బకు లేచిన కర్ర గాల్లోనే ఆగింది. తూము దగ్గర కట్ట కూలింది. బోనాలు నడిచిన దారి మీద నిలువెత్తు ఎర్రనీళ్లు దుమికాయి.

పంటంతా పోయింది. మనిషి ఒక్కరూ పోలేదు. పటేలు కర్ర పారేసి అక్కడే కూలబడ్డాడు.

మిట్ట మీద ఊరంతా చూస్తుండగా మా అమ్మ తలమీది బోనం దించి తాత ముందు పెట్టింది.

“బాపూ, తిను.”

“అది తల్లిది, బిడ్డా. తప్పయితది.”

“ఇయ్యాల తల్లివి నువ్వే.”

తాత చెయ్యి చాచలేదు. అమ్మే తినిపించింది.