చెరువులో మూడు రకాల జమ్ము

నిన్న దొనకొండ దారిలో బస్సు ఆగినప్పుడు రోడ్డు పక్క కుంటలో ఏపుగా పెరిగిన జమ్ము కనిపించింది. మనిషెత్తు ఆకులు, వాటి మధ్య గోధుమరంగు కంకులు. పక్క సీటాయన "అంతా ఒకటే గడ్డి" అన్నాడు. కాదని చెప్పబోయి ఆగిపోయాను. తేడా నాకు తెలుసని నమ్మి, ఒకసారి మా అత్తను చిక్కుల్లో పెట్టినవాణ్ణి.

అత్తంటే మా మేనమామ భార్య. పుల్లలచెరువు వైపు పల్లె. అక్కడ కోత పండుగకు ఎవరి పంటలో మొదటిది వాళ్లు చర్చికి తెస్తారు: కందులో, గుమ్మడికాయో, కోడిపుంజో. సొంత చేను లేని అత్త తాను అల్లిన జమ్ము చాప తెచ్చేది. కాపురానికి వచ్చిననాటి నుంచి ఒక్క ఏడూ తప్పలేదట. నేను ఉద్యోగం నుంచి రిటైరై ఆమె దగ్గరికి వచ్చిన ఏడాది ఆమెకు మోకాళ్లు పట్టేశాయి. చెరువులో దిగలేక ఆకు కోసుకు రమ్మని నన్ను పంపింది.

ఆ చెరువులో మొదట ఉన్నది సన్నజమ్ము. తర్వాతెప్పుడో వెడల్పాకుది చేరింది. రెంటికీ సంకరం పుట్టి, అది చెరువంతా అల్లుకుంటోంది. సంకరపు ఆకు చాపకు పనికిరాదు, మడిస్తే చీలిపోతుంది. నేను మొక్కల పుస్తకం చదివి డైరీలో గుర్తులు రాసుకున్నాను. కంకికి పైన మగభాగం, కింద ఆడభాగం. సన్నదానిలో రెంటి మధ్య ఉత్త కాడ కనిపిస్తుంది, వెడల్పుదానిలో అవి అంటుకుని ఉంటాయి, సంకరంలో సందు ఉండీ లేనట్టుంటుంది. స్కేలు తీసుకుని మోకాలి లోతు బురదలో దిగి, సందు బాగా ఉన్న కాడలే ఏరి కోశాను.

మోపు చూసి అత్త నవ్వింది. "ఏంది అల్లుడా, కంకులకు చొక్కాలు కుట్టిస్తావా, కొలతలు తీసుకొచ్చినావు?"

నీడన ఆరబెట్టి, తడిపి, అల్లిక మొదలుపెట్టింది. నాలుగో వరసలో ఆకు చీలింది. తర్వాత ఇంకొకటి. పండుగ మూడు రోజుల్లో ఉంది. డైరీ తెరిచి కొలతలు మళ్లీ చదివాను, తప్పు లేదు. సంకరంలో సందు అన్ని కాడలకూ ఒకేలా ఉండదనీ, కొన్నింటికి అచ్చం సన్నదానిలాగే ఉంటుందనీ నాకు తట్టలేదు.

"ఈ ఏడు ఒట్టి చేతులతో పోవాల్నా నేను?" అంది అత్త. ఆ గొంతులో వేళాకోళం లేదు.

అల్లినదంతా విప్పేసింది. ఒక్కో తడి ఆకునూ బొటనవేలికి చుట్టి, చీలేదాకా ఆగకుండానే "ఇది మనది, ఇది కాదు" అంటూ రెండు కుప్పలు చేసింది. నేను ఆమె చెప్పకముందే ఊహించి చూశాను. సగం తప్పాయి. సాయంత్రానికి మనదన్న కుప్ప పసిబిడ్డ పడుకునే చాపకు సరిపోయింది. పండుగనాడు దాన్ని గుమ్మడికాయల మధ్య పరిచి, వెనక్కి చూడకుండా వచ్చి కూర్చుంది.

"ఇట్ల కనుక్కోవడం ఎన్నాళ్లకు వచ్చింది అత్తా?" అని అడిగాను.

"ఏమో అల్లుడా. రాలేదనుకుంటాండగానే వచ్చినాది."

అత్త పోయి రెండేళ్లయింది. నిన్న బస్సు దిగి, కుంటలో ఒక ఆకు తెంపి, తడిపి వేలికి చుట్టి చూశాను. చీలలేదు. అయినా అది ఏ జమ్మో చెప్పలేకపోయాను. తెలియడానికి ఎన్నేళ్లు కావాలో ఆమె లెక్కపెట్టుకోలేదు. నాకు లెక్కపెట్టుకోవడం ఒక్కటే మిగిలింది.