స్టాంపు మీది ముగ్గురు

నేను గిద్దలూరులో ఏడో తరగతి చదివేటప్పుడు, నా పక్కన కూర్చునే బట్టల దుకాణం వాళ్ల అమ్మాయి ఒకరోజు తన స్టాంపుల పుస్తకం తెచ్చింది. అందులో పరాయి దేశపు స్టాంపు ఒకటి చూపించింది. దాని మీద ముగ్గురు మగవాళ్ల మొహాలున్నాయి.

"వీళ్లు అంతరిక్షంలోకి పోయి, తిరిగొచ్చేటప్పుడు చచ్చిపోయినారంట. అందుకని వాళ్ల గవర్నమెంటు స్టాంపు వేసింది," అన్నది.

అంతదాకా ఆ పిల్ల పుస్తకం చూసి కుళ్లుకుంటున్న నాకు, ఇప్పుడు ఆ ముగ్గురి పిల్లల మీద కడుపు మండింది. మా నాయన రైల్వేలో గ్యాంగ్‌మన్. అప్పటికి నాలుగేళ్ల కిందట వానల్లో, నల్లమలలో పట్టాల మీద పడ్డ రాళ్లు తీస్తుండగా కొండచరియ విరిగిపడి చనిపోయాడు. ఆయన ఫోటో ఒక్కటి కూడా మా ఇంట్లో లేదు. ఆ పిల్లల తండ్రుల మొహాలేమో గిద్దలూరు దాకా వచ్చాయి.

సాయంత్రం అమ్మ కూలి నుంచి రాగానే అడిగాను.

"నాయన కూడా పనిలోనే పోయినాడు కదా, ఆయనకెందుకు స్టాంపు వేయలేదు?"

కాళ్లు కడుక్కుంటున్న అమ్మ చెంబు కింద పెట్టింది.

"పోస్టాఫీసులో ఆ బొమ్మల మీద నల్లముద్ర గుద్దుతారు, చూసినావా? మీ నాయన మొహం మీద అట్ల గుద్దితే నేను చూడలేనమ్మా," అన్నది.

కానీ నా అసూయ తగ్గలేదు. ముద్ర పడితే పడనీ, దాని కింద నాయన మొహం ఉంటుంది కదా అనుకున్నాను. అప్పటికే ఆ మొహం నాకు సరిగ్గా గుర్తు రావడం లేదు.