ఉమాదేవి శనివారాలు

అల్లవరం దగ్గర అరెకరం కొబ్బరితోట ఉన్న కొండబాబుకి ఒకటే కిడ్నీ. రెండోది మూడేళ్ళ కిందట భార్య ఉమాదేవికి ఇచ్చాడు. ఇచ్చింది నిలవాలంటే ఆవిడ బతికున్నన్నాళ్ళూ పూటపూటా మాత్రలు వేసుకోవాలి. తోటలో కాయలు దింపించిన ప్రతిసారీ వచ్చిన డబ్బంతా మందుల షాపుకే పోయేది. అదీ చాలేది కాదు. గుప్పెడు మాత్రలకి అంత ధర ఎందుకో చెప్పే నాథుడు లేడు.

కిందటేడు ఉమాదేవి వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకుంది. ఆ రోజంతా ఉపవాసం. ఏడూ అయ్యాక మళ్ళీ ఏడు మొదలుపెట్టింది. పెళ్ళాం భక్తికి మురిసిపోయి కొండబాబే బండి మీద గుడికి తిప్పాడు. ఎంత వెర్రివెంగళప్ప!

మొన్న ఆవిడ కాళ్ళు పొంగాయి. రక్తపరీక్ష చూసిన డాక్టరు, "మాత్రలు మానేశారా?" అని నిలదీశాడు.

ఉమాదేవి తల దించుకుంది. "శనివారం ఒక్కరోజేనండీ. ఉపవాసం కదా, ఈయనా అడగరు. ఆ మిగిలిన మాత్రలతో నెలకి ఇంకో నాలుగు రోజులు గడుస్తాయని మానేసేనండీ."

"నీకేమన్నా పిచ్చా?" అని అరిచాడు కొండబాబు. అరిచాక సిగ్గేసింది. బతికించే మందుకి బంగారం ధర పెట్టినవాళ్ళనీ, అది చూస్తూ ఊరుకున్నవాళ్ళనీ ఏమీ అనలేక, పస్తున్న మనిషి మీదా తన ప్రతాపం?

కిడ్నీ ఇంకా పూర్తిగా పోలేదనీ, ఇక ఒక్క పూట కూడా తప్పకూడదనీ డాక్టరు చెప్పాడు.

మర్నాడే కొండబాబు అమలాపురంలో ఎమ్మెల్యే దగ్గరికి వెళ్ళాడు. మందులు ఇప్పించమని ఇది నాలుగో అర్జీ. వెనకటి మూడింటినీ "పైకి పంపించేమండీ" అన్నారు. ఎంత పైకి వెళ్ళాయో గానీ ఒక్కటీ కిందికి దిగలేదు.

ఎమ్మెల్యే అర్జీ చదవకుండానే పక్కనున్న పీఏకి ఇచ్చేశాడు. "మందుల ధరలు మా చేతుల్లో లేవు కొండబాబు గారూ. అయినా మీకు భయమెందుకండీ? ఒకవేళ కిడ్నీ పోయినా డయాలసిస్ ఫ్రీయే కదా!" అని భుజం తట్టాడు.

కొండబాబు ఆ చేతిని తీసి పక్కన పెట్టాడు.

"పోయేక ఫ్రీగా చేస్తారన్నమాట! ఇంకా పోలేదండీ. ఉన్నప్పుడే మందివ్వండి. అది చెడిపోయేదాకా ఆగమంటారేటండీ?"

ఎమ్మెల్యే ఫోను తీసుకున్నాడు. పీఏ గుమ్మంవైపు చూసి, "తర్వాత ఎవరండీ?" అని కేకేశాడు.

కొండబాబు కుర్చీ లాక్కుని ఎమ్మెల్యే ఎదురుగా కూర్చున్నాడు.

"నేనేనండీ" అన్నాడు.