నోరు మూసుకుని పాడినవాళ్ళం

మొన్న శంషాబాద్ విమానాశ్రయంలో ఒకే రంగు చొక్కాలు వేసుకున్న బడిపిల్లలు నేలమీద గుండ్రంగా కూర్చుని గొంతులు సవరించుకుంటూ కనిపించారు. సింగపూర్‌లో పాడడానికి పోతున్నారని వాళ్ళ టీచరు చెప్పింది. ఆమె కళ్ళు నామీద కంటే పిల్లలమీదే ఎక్కువ ఉన్నాయి. ఇంటికి వెళ్ళగానే ఈ సంగతి మా మేనత్తకు చెప్పాలనుకున్నాను. ఆమె పోయి మూడు నెలలైందని ఆ తర్వాత గుర్తొచ్చింది.

మా మేనత్త, నేను అత్తమ్మ అని పిలిచేదాన్ని, హనుమకొండలో ఆడపిల్లల బడిలో సంగీతం చెప్పేది. పెళ్ళైన కొద్ది రోజులకే భర్త పోతే, చదువుకుని ఉద్యోగం తెచ్చుకుంది. ఆమె బృందగానం పట్టుకోవడానికి కారణం కళమీద సిద్ధాంతమేమీ కాదు. మా బజారు ఇళ్ళలో ఆడపిల్ల ఒక్కతే వేదికెక్కి పాడితే పాటలు పాడే పిల్ల అని పేరు పడేది, ఆ పేరుతో సంబంధాలు రావని పెద్దల భయం. పదిమందిలో నిలబడి పాడితే మాత్రం ఎవరికీ పట్టింపు లేదు. అందుకని ఆమె అందరిచేతా కలిసి పాడించేది. అరవైల మొదట్లో కొలంబోలో విద్యార్థుల సంగీతోత్సవానికి రమ్మని మా బడికి పిలుపు వచ్చినప్పుడు, ఆమె ఇంటింటికీ తిరిగి తండ్రులను ఒప్పించింది. అందరికంటే కష్టపెట్టింది బట్టల దుకాణం షావుకారు. ఆయన పెద్దకూతురు నా తోటిది, మా అందరిలోకి మంచి గొంతు ఆమెదే. కరీంనగర్‌లో సంబంధం మాట్లాడుతున్నారు. చివరికి షావుకారు ఒక్క షరతుమీద సరేనన్నాడు.

"అందరితోని కలిసి పాడితె పాడనియ్యి పంతులమ్మా. ఎవల గొంతు ఏదో తెల్వదు గద. ఒక్కతే మాత్రం పాడొద్దు."

అత్తమ్మ మాట ఇచ్చింది.

కాజీపేటలో రైలెక్కి మద్రాసు, అక్కడి నుంచి ధనుష్కోడి, ఆపైన స్టీమరు. ప్రతి ఇంటివాళ్ళూ అక్కడ తిండి దొరకదని మామిడికాయ తొక్కు జాడీ ఇచ్చారు. పన్నెండు జాడీలు. రేవులో తనిఖీ అధికారి ఒక్కొక్కటీ మూత తీయించి చూశాడు. నాలుగోది తీసేసరికి ఆయనకు తుమ్ములు పట్టుకున్నాయి, మిగతావి చూడకుండానే పొమ్మన్నాడు. అయితే ఒక జాడీ మూత సరిగా పెట్టక, నూనె కారి సగంమంది తెల్ల వోణీలకు అంటింది. కొలంబోలో ఆ మరకలవాళ్ళను అత్తమ్మ వెనక వరసలో నిలబెట్టింది.

అక్కడివాళ్ళు బృందాన్ని నడిపేవారు పిల్లలకు ఎదురుగా, సభకు వీపు పెట్టి నిలబడాలన్నారు. పెద్దలకు వీపు చూపడం అత్తమ్మకు మర్యాదగా తోచలేదు. ఆమె సభవైపు తిరిగి నిలబడి, కుడిచేయి వీపు వెనక పెట్టుకుని వేళ్ళతో తాళం చూపించింది. మేం ఆ వేళ్ళనే చూస్తూ పాడాం. బాగానే పాడామనుకుంటాను. పాట అయ్యాక అక్కడి రేడియోవాళ్ళలో ఒకాయన వచ్చి, వెనక వరసలో మధ్యలో ఉన్న అమ్మాయిచేత ఒక్క పాట రికార్డు చేయిస్తామన్నాడు. ఆ అమ్మాయి షావుకారు కూతురు. అంతమందిలోనూ ఆ గొంతు ఎవరిదో ఆయన పట్టుకున్నాడు. అత్తమ్మ కుదరదని చెప్పేసింది.

ఆ రాత్రి ఆ పిల్ల అన్నం తినలేదు. ఏడవనూ లేదు. అత్తమ్మ పక్కన వచ్చి కూర్చుని, "ఒక్కసారి పాడుత టీచర్. ఇగ మళ్ళ అడుగ" అంది. పెళ్ళైతే ఎలాగూ పాడేది లేదని ఆ పిల్లకు తెలుసు, మాకూ తెలుసు. అత్తమ్మ పొద్దున లేచి మమ్మల్నందరినీ రేడియో ఆఫీసుకు బయల్దేరదీసింది. పాడేది ఆ పిల్లే, కానీ పాట అయ్యేదాకా మిగతా పదకొండుమందీ నోరు మూసుకుని శ్రుతి పట్టి ఉండాలని చెప్పింది. "మీరందరు పాడుతాండ్రు. ఒక్కరు గూడ ఆగొద్దు" అని రెండుసార్లు అంది. నోరు మూసుకొమ్మన్న సంగతి వింటే మా అమ్మ సంబురపడుతదని ఒక పిల్ల గొణిగింది, మేం నవ్వాం. షావుకారు కూతురు నవ్వలేదు. రేడియోలో ఎవరి పేరూ చెప్పవద్దని, వరంగల్లు పిల్లలు అని కూడా అనవద్దని అత్తమ్మ వాళ్ళతో గట్టిగా మాట్లాడింది.

ఆమె ఆలోచించనిది ఒకటుంది. షావుకారు దుకాణంలో బేరాలకోసం పొద్దంతా రేడియో మోగుతుంది, మోగేది ఆ సిలోన్ స్టేషనే. కూతురికి మాత్రం అది తెలుసు. తిరుగు రైల్లో, గూడూరు దాటాక, తెలిసే పాడానని నాతో చెప్పింది.

మేం ఊళ్ళు చూసుకుంటూ తిరిగి వచ్చేసరికే పాట వచ్చేసింది. కాజీపేట ప్లాట్‌ఫారంమీద షావుకారు నిలబడి ఉన్నాడు. కూతురి పెట్టె అందుకుని పక్కన పెట్టి, అత్తమ్మ దగ్గరికి వచ్చాడు. రేడియోలో విన్నానన్నాడు.

"అందరు పాడిండ్రు సేటూ" అంది అత్తమ్మ.

"ఎరుకే. నాకైతె ఒక్క గొంతే ఇనవడ్డది." కూతురి పెట్టె మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ అన్నాడు. "పక్క దుకాణపాయన అడిగిండు, ఈ పిల్లెవలు మంచిగ పాడుతాందని. సిలోన్ పిల్ల గావచ్చన్న."

అంతే. ఆ ఎండాకాలంలోనే కరీంనగర్ సంబంధం ఖాయమై పెళ్ళి జరిగింది, ఆ పిల్ల మళ్ళీ పాడగా నేను వినలేదు. తర్వాతి ఏడు నేపాల్ వెళ్ళినప్పుడు షావుకారు రెండో కూతురిని పంపాడు. షరతు గురించి అడగలేదు, అత్తమ్మ ఎత్తలేదు. ఆమె తర్వాత ఎన్ని ప్రయాణాలు చేయించినా ఒక పాట అలాగే ఉండేది: మధ్యలో ఒకరు, చుట్టూ నోళ్ళు మూసుకున్నవాళ్ళు. ఏటేటా మధ్యలో పిల్ల మారేది. ఇది కొత్త పద్ధతని ఎవరో పెద్దమనిషి మెచ్చుకుంటే, అత్తమ్మ నమస్కారం పెట్టి ఊరుకుంది.

చాలా ఏళ్ళకు, దుకాణం కొడుకులకు అప్పగించాక, షావుకారు కర్ర పట్టుకుని అత్తమ్మ ఇంటికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. ఆ పాట ఎక్కడైనా దొరుకుతుందా అని అడిగాడు. అత్తమ్మ అప్పటికే ఒకసారి విచారించింది, ఆ టేపుమీద వాళ్ళు వేరేది రికార్డు చేసుకున్నారట. ఆయన తల ఊపి, చాయ్ తాగి, లేస్తూ అన్నాడు.

"నా బిడ్డేనని ఆ దినమే చెప్తె అయిపోతుండె. చెప్దామంటె ఇప్పుడు ఆ పక్క దుకాణపాయన గూడ లేడు."

మాట బయటపెట్టడానికి మనిషికి కాలం పడుతుంది. ఆ కాలంలోనే వినవలసినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతారు.