దేవసహాయం గారి హాజరు

కరెంటు ఆఫీసు మీద రాశాను, చెయ్యెత్తినా బస్సు ఆపని డ్రైవర్ల మీద రాశాను, తూకం తప్పిన రేషన్ షాపు మీద రాశాను. రుజువు లేకుండా మాత్రం ఒక్క ఫిర్యాదు కూడా చేయలేదు. ఫలానావారు చనిపోయాక కనబడ్డారని చర్చిలో ఎవరైనా లేచి సాక్ష్యం చెబితే నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవాణ్ని. దయ్యాలంటే నాకు భయమూ లేదు, నమ్మకమూ లేదు. అటువంటి నేనే ఇప్పుడు ఇది రాయవలసి వచ్చింది.

చేవెళ్ల దగ్గర ఒక పాత క్రైస్తవ బడిలో ల్యాబ్ అసిస్టెంటుగా పనిచేసి రిటైరయ్యాను. బడి పేరు రాయను. బడికి హాస్టలు ఉండేది. సిబ్బంది జీతాల్లోంచి కొంత, బడి కొంత వేసి పెన్షన్ ట్రస్టు ఒకటి పెట్టుకున్నాము. ఆ ట్రస్టు మంచిదే. దానివల్ల మా ఇళ్లలో చాలామందికి మందులు వచ్చాయి, పొయ్యి వెలిగింది. లోపమల్లా రాతలోనే.

మా ట్రస్టీల పద్ధతి ఇలా ఉండేది. ముందు పాస్టరుగారు ప్రార్థన చేసేవారు. తర్వాత మాట్లాడుకునేవారు. ఒక నిర్ణయానికి వచ్చాక మళ్లీ ప్రార్థన చేసి, ఒక్కొక్కరు ‘ఆమెన్’ అనేవారు. ఆ ఆమెనే సంతకం. దాన్ని మళ్లీ పుస్తకంలో రాసి కింద సంతకాలు పెట్టమంటే, దేవుని ముందు అన్న మాట మీద అనుమానమా అని నొచ్చుకునేవారు. రాయండి, నకలు ఇవ్వండి అని నేను ఏళ్ల తరబడి ఉత్తరాలు పెట్టాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. నాకు ‘పిటిషన్ దాసు’ అని పేరు మాత్రం వచ్చింది. చివరికి నా నోరు మూయించడానికి నన్నే ట్రస్టీని చేశారు.

నేను రిటైరైన నాటికి ట్రస్టు కార్యదర్శి దేవసహాయం గారు. నా వీడ్కోలు సభలో మైకు పట్టుకుని నన్ను ‘ల్యాబ్ అటెండరు’ అని చదివింది ఆయనే. సభలోనే లేచి సరిదిద్దాను. ఆయన నవ్వి, “ఏదైతేంది దాసూ, సీసాలు కడిగినవు గద” అన్నారు. అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడలేదు. రిటైరైనవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఈ సంగతి ఎత్తితే ఎవరో నవ్వే బొమ్మ పెట్టారు. గ్రూపు నుంచి కూడా బయటికి వచ్చేశాను. ఈ రెండు సంగతులూ ఎందుకు చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

బ్యాంకువాళ్లు అడగడంతో ఈ మధ్య మొదటిసారి బయటి ఆడిటరును పెట్టుకోవలసి వచ్చింది. మెహిదీపట్నం నుంచి శ్రావణి అనే అమ్మాయి వచ్చింది. మొయినాబాద్ బస్టాపు దగ్గర, సెల్‌ఫోన్ రిపేరు షాపు మీద కిరాయికి తీసుకున్న గది మా ఆఫీసు. ఆ అమ్మాయి ఎవరినీ చిన్నబుచ్చకుండా అడిగేది. అడిగిన ప్రతిదానికీ కాగితం కావాలనేది. ఇన్నేళ్లకు నా భాష తెలిసిన మనిషి దొరికిందని సంబరపడ్డాను. ఆ సంబరం లిడియా పేరు వచ్చేదాకానే.

లిడియా మా హాస్టలు వంటమనిషి శాంతమ్మ కూతురు. పుట్టుకతోనే చూపు లేదు, పెళ్లి కాలేదు, ఎంకపల్లిలో ఒంటరిగా ఉంటుంది. నియమాల ప్రకారం ఉద్యోగి పోయాక పెన్షన్ భర్తకో భార్యకో, చిన్నపిల్లలకో వెళ్లాలి. పెద్దయిన కూతురికి ఇవ్వాలంటే ట్రస్టీల తీర్మానం ఉండాలి. శాంతమ్మ పోయిన వారంలోనే పెద్దలు కూర్చుని, లిడియాకు బతికినన్నాళ్లూ ఇవ్వాలని ఆమెన్ అన్నారట. రాయలేదు. ఆనాటివాళ్లలో పాస్టరుగారు లేరు, ట్రెజరరు లేరు. దేవసహాయం గారు పదవి వదిలి ఊరు మారారని మాత్రం తెలుసు, ఎక్కడున్నారో పంతం కొద్దీ నేను అడగలేదు. ఇప్పటి చైర్మన్ జీవరత్నం గారు అప్పుడు సభ్యుడే కానీ, వయసు మీదపడి ఏదీ గుర్తు లేదన్నారు.

శ్రావణి అన్నది: “సార్, పెద్దలు ఒప్పుకునే ఉంటరని నేను నమ్ముత. కానీ నా నమ్మకాన్ని ఫైల్లో పెట్టలేను. తీర్మానమో, ఆ మీటింగులో కూర్చున్న మనిషి సంతకమో కావాలె. లేకుంటే పెన్షన్ ఆపాలని రాయాల్సి వస్తది. ఇన్నాళ్లు ఇచ్చింది వాపసు అడగాల్సి రావచ్చు.”

ఇన్నేళ్లు నేను మొత్తుకున్నది ఇదే. నా మాట నెగ్గింది. నెగ్గిన మాట వెళ్లి ఆ చూపులేని పిల్ల మీద పడింది.

ఆ సంగతి చెప్పే పని కూడా నాకే అప్పగించారు. మర్నాడు మధ్యాహ్నం శ్రావణిని ఆఫీసులో వదిలి ఎంకపల్లి వెళ్లాను. లిడియా గడపలో కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. చెప్పడం మొదలుపెట్టగానే వేళ్లు ఆగిపోయాయి.

“రాసుకోకుంటే మా అవ్వ వండింది అబద్ధమైతదా అన్నా?” అన్నది. “నువ్వు గూడ తిన్నవు గద. పప్పుల ఉప్పు తక్కువని నువ్వొక్కనివే లేచి అడిగేటోనివంట. అవ్వ చెప్పి నవ్వేది.”

వచ్చేటప్పుడు ఆమె ఇంకొక్కటే అడిగింది. “ఈ నెల వస్తదా, రాదా? అదొక్కటి చెప్పు.” తెలియదన్నాను.

తిరిగి మొయినాబాద్ చేరేసరికి ఎండ బాగానే ఉన్నది. మా ఆఫీసు మెట్లు ఇరుకు. ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకు ఆనుకోవాలి. నేను సగం ఎక్కేసరికి పైనుంచి దేవసహాయం గారు దిగుతూ కనిపించారు. తెల్లచొక్కా, చంకలో గొడుగు. హాస్టలు మెట్ల మీద పడి కాలు విరిగినప్పటి నుంచి ఆయన ఎడమకాలు కదిపి, కుడికాలు దాని పక్కకు తెచ్చుకుని, గోడ పట్టుకుని దిగేవారు. అలాగే దిగుతున్నారు. నేనే గోడకు ఆనుకున్నాను. చొక్కా నా చేతికి తగిలింది. కీళ్లనొప్పుల నూనె వాసన వచ్చింది. ఆయన నా వైపు చూడలేదు. పలకరిస్తే నేను తగ్గినట్టవుతుందని నేనూ ఊరుకున్నాను. ఇన్నేళ్ల తర్వాత కనిపించి కూడా ముఖం తిప్పుకుని పోయాడని మనసులో వేసుకున్నాను. ఆ క్షణంలో నాకు కలిగిన ఆలోచన ఇదొక్కటే. భయం లేదు, ఒళ్లు జలదరించడం లేదు. కోపం వచ్చింది, అంతే.

పైకి వెళ్లేసరికి శ్రావణి సంతోషంగా ఉన్నది. “సార్, మీ పాత కార్యదర్శి వచ్చి పోయిండు. మీటింగు సంగతి మొత్తం చెప్పిండు. నేను రాసుకున్న. సంతకం అడిగేలోపే లేచి పోయిండు. జీవరత్నం సారును పిలిపించండి, రేపు ఆయన ముందు చదువుత” అన్నది.

“నా గురించి ఏమన్నా అన్నడా?” అని అడిగాను.

“లేదు సార్.”

అది కూడా మనసులో వేసుకున్నాను.

మర్నాడు పొద్దున్న జీవరత్నం గారు వచ్చారు. మెట్లెక్కిన ఆయాసం తగ్గాక శ్రావణి తను రాసుకున్నది చదివింది. ఆ మీటింగు రోజు వాన. ఆఫీసు కప్పు కారుతుంటే మీటింగు హాస్టలు వంటింట్లోకి మార్చారు. శాంతమ్మ పోయిన దుఃఖంలో పెద్ద పొయ్యి ఇంకా వెలిగించలేదు. పిల్లలకు ఊళ్లోంచి అన్నం వస్తోంది. అందరూ తడిసిన తలలతో గోనెసంచుల మీద కూర్చున్నారు. ప్రార్థన అయ్యాక ముగ్గురు ఆమెన్ అన్నారు. ట్రెజరరు అనలేదు. మనం పోయినాక ఈ పిల్లకు ఎవరిస్తారు, ఎవరు గుర్తుపెట్టుకుంటారు అని ఆయన అనుమానం. అప్పుడు ఒక సభ్యుడు, ఆయన బదులు నేనంటానని రెండోసారి ఆమెన్ అన్నాడు. ఆ మాటకు ట్రెజరరు కూడా అన్నాడు. “రాయాల్సింది కార్యదర్శిని నేను. రాయలే. తప్పు నాదే” అని చివర చెప్పాడట.

జీవరత్నం గారు కళ్లద్దాలు తీసి చేతిలో పెట్టుకున్నారు. “రెండుసార్లు అన్నది నేనే బిడ్డా” అన్నారు. “ఎట్ల మర్శిపోయిన? నేనే గద గుర్తువెట్టుకుంటనన్నది.”

ఆయన సాక్ష్యం అక్కడే రాసి సంతకం చేశారు. నేను పట్టు వదలలేదు. “దేవసహాయం సంతకం గూడ తీసుకోవాలె. నిన్న మెట్ల మీద నన్ను చూసి చూడనట్టు పోయిండు. చిరునామా ఇయ్యండి, నేనే పోత” అన్నాను.

జీవరత్నం గారు నన్ను వింతగా చూశారు. “ఏ దేవసహాయం?”

“ఎంతమంది ఉన్నరు? మన కార్యదర్శి.”

“దాసూ, ఆయన ప్రభువు దగ్గరికి పోయి ఏడాది దాటింది. జహీరాబాద్‌ల బిడ్డ దగ్గర. గ్రూపుల పెట్టినం గద.”

“నేను గ్రూపుల లేను” అన్నాను.

కింద ఎవరి సెల్‌ఫోనో బాగుచేస్తూ ఒకటే పాట మాటిమాటికీ మోగిస్తున్నారు. జీవరత్నం గారు తన ఫోనులో వెతికి ఒక ఫొటో తీశారు. శవపేటిక ముందు పెట్టిన ఫొటో అది. శ్రావణి చూసి, “ఈయనే. గీ కుర్చీలనే కూసున్నడు. కాలు ముందుకు చాపుకున్నడు” అన్నది. తర్వాత ఆ కుర్చీ వైపు చూడలేదు.

నేను ఊరుకునే మనిషిని కాను. కింద షాపాయనను అడిగాను. ఆయన కూర్చునేది మెట్ల మొదట్లోనే. “నువ్వు పోయినంక ఎవ్వరెక్కలే, ఎవ్వరు దిగలే అన్నా. నువ్వొక్కనివే గోడకు అతుక్కొని నిలబడ్డవు. కళ్లు తిరిగినయేమో అనుకున్న” అన్నాడు. జహీరాబాద్ వెళ్లి దేవసహాయం గారి కూతురిని కలిశాను. ఆయనకు అన్నదమ్ములు లేరు. ఆ వంటింటి మీటింగు సంగతి ఆమెకు తెలియదు. సమాధి కూడా చూసి వచ్చాను. ఎవరైనా విని వచ్చి నాటకమాడారేమో అంటారు. ఎవరి దగ్గర వినాలి? ఆ మీటింగులో కూర్చున్నవాళ్లలో బతికి ఉన్నది ఒక్కరే, ఆయన అప్పటికే మరిచిపోయారు. నేను ఎండదెబ్బకు ఏదో చూశాననుకుందాం. మరి గదిలో కూర్చుని రాసుకున్న శ్రావణి ఆయనను ఎన్నడూ ఎరగదు, పోయాడని ఇద్దరమూ ఎరగము.

లిడియా పెన్షన్ ఆగలేదు. చైర్మన్ సంతకంతో సాక్ష్యం ఉంది, దాని మీద ట్రస్టీలందరం కొత్తగా తీర్మానం చేసి, ఆమెన్ అని, సంతకాలు కూడా పెట్టాము. ఆ నెల నేనే ఎంకపల్లి వెళ్లి తీర్మానం చదివి వినిపించాను. ఆమె రెండోసారి కూడా చదివించుకున్నది. కాగితం చేతిలోకి తీసుకుని సంతకాలున్న చోట వేళ్లతో తడిమింది.

శ్రావణి తను రాసుకున్న పేజీని ఫైల్లో పెట్టలేదు. “ఎవరు చెప్పిండ్రని రాయాలె సార్? ఏ తేదీన హాజరైండని రాయాలె?” అన్నది. ఆమెను తప్పుపట్టను. ఆమె వృత్తికి అది ధర్మమే.

తర్వాతి మీటింగులో నేను ఒక్క వాక్యం కోరాను. ఈ విషయం ట్రస్టుకు గుర్తుచేసింది మాజీ కార్యదర్శి దేవసహాయం గారని మినిట్స్‌లో రాయమన్నాను. జనం నవ్వుతారని మిగతావాళ్లు ఒప్పుకోలేదు. నా అసమ్మతిని మాత్రం రాయించాను. రెండోసారీ పెట్టాను, కొట్టేశారు. మళ్లీ పెడతాను.

ఆయన ఎలా వచ్చారో, వచ్చిందేమిటో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. నన్ను ఎందుకు పలకరించలేదో కూడా తెలియదు. కానీ రాయని ఒక్క మాట కోసం ఆ కాలుతో అన్ని మెట్లు ఎక్కి వచ్చిన మనిషి పేరు మా పుస్తకాల్లో ఎక్కడా లేదు. అది ఆయనకు జరిగిన అవమానం. అవమానాల సంగతి నాకు తెలుసు. అందుకే ఇక్కడ రాస్తున్నాను: ఆ రోజు దేవసహాయం గారు హాజరయ్యారు.