మేస్త్రి తీసేసిన ఫిల్టరు

మోటార్లు చుట్టే మేస్త్రికి చెవులే కళ్ళు. ఫ్యానైనా, మిక్సీ అయినా, నీళ్ళ పంపైనా స్విచ్చి వేయించి, కళ్ళు మూసుకుని ఒక్క నిమిషం వింటాడు. బేరింగు పోయిందన్నాడంటే బేరింగే పోయి ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా అదే కొట్లో, అదే బల్ల ముందు, కాలిన తీగల వాసనలో కూర్చుని సంపాదించుకున్న పేరది. ఆ పేరు చూసుకుని అతనికి కాస్త గర్వం కూడా ఉండేది. ఆ గర్వమే కొంప ముంచింది.

ఇంట్లో భార్య, ఏడేళ్ళ కూతురు, అత్తగారు, అత్తగారి పిల్లి. బూడిదరంగు ఒళ్ళు, ఇంత లావు తోక, ఎవరు పిలిచినా తల తిప్పని దర్జా. అందుకే దానికి దొరగారని పేరు. దొరగారు రాల్చే బొచ్చు అంతా ఇంతా కాదు, మేస్త్రి చొక్కా జేబులో కూడా తేలేది. భార్య పట్టుబట్టి వాక్యూమ్ క్లీనరు కొనిపించింది. ఆదివారం పొద్దున అతను ఇల్లంతా వాక్యూమ్ పెట్టేవాడు. తర్వాత అత్తగారు గడప దగ్గర కూర్చుని, బ్రష్షుకి చుట్టుకున్న బొచ్చుని కుట్టు కత్తెరతో కత్తిరించి తీసేది. మనవరాలు ఆమె ఒళ్ళో చేరి ఆ బొచ్చుని ఉండలు చేసేది.

ఒక ఆదివారం మోటారు మూలిగింది. విప్పి చూస్తే, గాలి బయటికి పోయే చోట ఉండే ఫిల్టరు సన్నటి దుమ్ముతో అట్టకట్టి ఉంది. కడగబోతే చిరిగింది. పాపం, మోటారుకి ఊపిరాడటం లేదు, కొత్తది తెచ్చేదాకా రెండ్రోజులు ఇలాగే నడవనీ అనుకుని, ఫిల్టరు లేకుండానే మూత బిగించాడు. మోటారు హాయిగా తిరిగింది. ఆ చప్పుడు విన్నాక ఫిల్టరు సంగతి పూర్తిగా మరిచిపోయాడు. రెండ్రోజులు కాస్తా నాలుగు నెలలయ్యాయి.

ఈలోగా పాపకి దగ్గు పట్టుకుంది. ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. దుమ్మో, జంతువుల బొచ్చో పడటం లేదన్నాడు డాక్టరు. వారం వారం వాక్యూమ్ పెట్టే ఇంట్లో దుమ్మెక్కడిదండీ అని నవ్వాడు మేస్త్రి. ఇంకేముంది, తప్పంతా దొరగారి నెత్తిన పడింది. పంపించేద్దామని ముందుగా నోరు తెరిచిందీ మేస్త్రే. అత్తగారు మారుమాట్లాడకుండా మర్నాడు తనే పిల్లిని బుట్టలో పెట్టి ఇచ్చింది. అతను తీసుకెళ్ళి కొట్టు పక్కనున్న గోదాము వాచ్‌మన్‌కి అప్పజెప్పి వచ్చాడు.

మిగిలిన బొచ్చు కూడా పోవాలని ఆ రోజు నుంచీ రోజూ వాక్యూమ్ పెట్టాడు. దగ్గు ఇంకా ముదిరింది. రోజూ పాపని పక్కలో వేసుకుని పడుకునే అత్తగారు ముందు గదిలోకి పక్క మార్చుకుని, తన చీరలు రోజుకి రెండుసార్లు వేడినీళ్ళలో ఉతుక్కోసాగింది. పాప దగ్గరికొస్తే ఏదో పని చెప్పి పంపించేసేది. పిల్లి కోసం అలిగిందనుకున్నాడు మేస్త్రి.

నెల తిరక్కుండా ఒకావిడ అలాంటి వాక్యూమే కొట్టుకి తెచ్చింది. అతను వెనక మూత తీసి, ఫిల్టరు పూడిపోయిందన్నాడు. అది తీసేసి వాడుకోవచ్చా అని అడిగిందావిడ.

"అలా చేయకండమ్మా. సన్న దుమ్మంతా వెనకనుంచి మళ్ళీ ఇంట్లోకే కొడుతుంది. పిల్లలుంటే మరీ..."

మాట మధ్యలో ఆపి, చేతిలోని మూతకేసి చూశాడు. దీపం కిందే చీకటన్నట్టు, ఊరందరికీ చెప్పేవాడు తన ఇంట్లో చేసిన పని అది. మోటారు ఊపిరి కోసం కూతురికి ఊపిరాడకుండా చేశాడు. ఆ పూట ఇంకో మోటారు ముట్టుకోలేకపోయాడు.

సాయంత్రం తేలు కుట్టిన దొంగలా ఎవరికీ చెప్పకుండా కొత్త ఫిల్టరు తెచ్చి బిగించాడు. తడిగుడ్డతో గోడలు, కిటికీలు, మంచాల కిందా తుడిచాడు. ఇదేం బుద్ధి పుట్టిందని భార్య ఆశ్చర్యపోయింది. పది రోజుల్లో పాప దగ్గు సగానికి సగం తగ్గింది. మందు పనిచేసిందన్నాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు గానీ, ఆ ఇంట్లో ఆ పని చేస్తున్నది మేస్త్రి. పిల్లిని తెచ్చిచ్చేస్తే అత్తగారి అలకా తీరుతుంది, తన తప్పూ బయటపడదని లెక్క వేసుకుని గోదాముకి వెళ్ళాడు.

బుట్టతో గుమ్మంలోకి వచ్చేసరికి అత్తగారు ఎదురైంది. బుట్టలోంచి కూత వినగానే ఆమె ముఖం వెలిగింది. అంతలోనే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నాలుగడుగులు వెనక్కి వేసింది.

"తీసుకెళ్ళిపో బాబూ. నా ముచ్చట కోసం పసిదాన్ని అన్నాళ్ళు ఏడిపించాను. ఎన్నిసార్లు ఉతికినా ఈ చీరల బొచ్చు పోదేమోనని పాపని దగ్గరికి కూడా రానివ్వటం లేదు. మళ్ళీ ఆ పాపం నా చేత చేయించకు."

మేస్త్రికి అప్పుడర్థమైంది. ఆమెది అలక కాదు. అతను చేసిన తప్పుని ఆమె నెల రోజులుగా తన మీద వేసుకుని మోస్తోంది. బుట్ట కింద పెట్టి గడప మీద కూలబడ్డాడు.

"తప్పు మీది కాదత్తయ్యా. వాక్యూమ్‌లో ఫిల్టరు నేనే తీసేశాను. దుమ్మంతా ఇంట్లోకే కొట్టింది. పది రోజుల కిందటే తెలిసింది. చెప్పడానికి నోరు రాలేదు."

ఆమె తిడుతుందని చూశాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆమె తన చీర కొంగుకేసి చూసుకుంది.

"అయితే, పాప నా పక్కన పడుకోవచ్చా?"

బుట్టలో దొరగారు గట్టిగా అరిచారు. ఆమె అటు చూడలేదు. అల్లుడు ఏమంటాడోనని నిలబడి ఉంది.