చెవిలో చెప్పిన కొలత

ఈ ఉదయం దుకాణం వెనక బకెట్లో తెల్ల పాప్లిన్ బట్ట నానేశాను. కొత్త బట్ట నీళ్ళు పీల్చేటప్పుడు గంజి వదిలి ఒక వాసన వస్తుంది. అన్నం వార్చిన గిన్నె కడిగినప్పటి వాసనే, కాస్త మందంగా ఉంటుంది. తిరుపతిలో ఈ సందులో నాతో కలిపి నలుగురం బట్టలు కుడతాం. బట్టను ముందు తడిపి, నీడలో ఆరేసి, ఆ తర్వాతే కత్తెర పెట్టేదాన్ని నేనొక్కదాన్నే. ఇప్పుడొచ్చే బట్ట అంతగా కుంచించుకుపోదని తక్కిన ముగ్గురూ నన్ను చూసి నవ్వుతారు. నిజమే కావచ్చు. కానీ నాకు ఈ పని నేర్పిన సులోచనమ్మ టీచరు తడపని బట్ట మీద సుద్దగీత కూడా గీయనిచ్చేవారు కాదు. బకెట్ మీదికి వంగినప్పుడల్లా మా హైస్కూలు వరండా, అందులో ఆమె గుర్తుకొస్తారు. ఆమెను ఎరగనివాళ్ళకు ఆమె గురించి చెప్పాలంటే నేను చేసిన ఒక తప్పు దగ్గర మొదలుపెట్టాలి. ఒక అంకెను గట్టిగా పలికాను, అంతే.

మాది నగరి దగ్గర ఊరు. ఇంట్లో నాలుగు మరమగ్గాలు ఉండేవి. పొద్దున్నించీ అవి ఆడుతూనే ఉంటాయి కాబట్టి ఉప్పు కావాలన్నా, కడుపు నొస్తోందన్నా అరిచే చెప్పుకోవాలి. నాయన ముద్దుగా పిలిచినా బయటివాళ్ళకు తిట్టినట్టే వినపడేది. కరెంటు పోయి మగ్గాలు ఆగినా మా గొంతులు మాత్రం తగ్గేవి కావు. వీధిలో పోయేవాళ్ళు ఇంట్లో గొడవేమోనని తొంగిచూసేవారు. మెల్లగా మాట్లాడటం అనేది ఒకటుందని, అది కొందరికి అవసరమని నాకు తొమ్మిదో తరగతి దాకా తెలియదు. తెలియకపోవడం తప్పు కాదని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

తొంభైల చివరి సంవత్సరాలవి. మా స్కూల్లో ఆడపిల్లలకు కుట్టుపని క్రాఫ్టు పీరియడు ఉండేది. వరండా చివరి గదిలో ఆరు మిషన్లు, వాటిలో రెండు చూడ్డానికే. పరీక్షల్లో మార్కులు లేని పీరియడు కావడంతో లెక్కల మేస్టారు ఎప్పుడు కావాలంటే అప్పుడు దాన్ని లాగేసుకునేవారు. సులోచనమ్మ టీచరు రోజూ తిరుపతి నుంచి బస్సులో వచ్చేవారు. సన్నటి మనిషి, మెడలో టేపు, ఎడమచేతి గాజుకు పిన్నీసుల గుత్తి. గొంతు ఎంత చిన్నదంటే ఆమె మాట వినాలంటే గది మొత్తం నోరు మూసుకోవాల్సిందే. అందుకే కాబోలు ఆమెకు ఎప్పుడూ బెత్తంతో పనిపడలేదు. నన్ను మాత్రం ఆటపట్టించేవారు. "రేణుకా, నిన్ను రేణిగుంట స్టేషన్లో కూసోబెడితే ఇంక మైకుతో పనుండదు" అనేవారు. అది మెచ్చుకోలు అనుకునేదాన్ని.

ఏడాదికొక పెద్ద పని అప్పగించేవారు. కొత్తగా ఆరో తరగతిలో చేరిన ఆడపిల్లలకు తొమ్మిదో తరగతివాళ్ళం తెల్ల చొక్కాలు కుట్టాలి. ఆగస్టు పదిహేనున జెండా కింద ఆ పిల్లలు అవి తొడుక్కుని నిలబడాలి. బట్ట స్కూలే ఇచ్చేది. పెద్ద, నడిమి, చిన్న అని మూడు సైజుల్లో కుట్టి పంచేస్తే సరిపోతుంది కదా అని మేమడిగితే, "ఆరో తరగతి అనే పిల్ల యాడన్నా ఉండాదా? ఉంటే పిల్చుకుని రండి, కొలుస్తా" అన్నారు టీచరు. కాబట్టి ఒక్కొక్కరినీ కొలవాలి, ప్రతి ముక్కకూ పేరు రాసిన చీటీ గుచ్చాలి. కొలవడానికొక నియమం కూడా పెట్టారు. ఒకరు కొలవాలి, ఒకరు రాయాలి. కొలిచినవాళ్ళు అంకెను రాసేవాళ్ళ చెవిలో చెప్పాలి. మూడో మనిషికి వినపడకూడదు. ఎందుకని ఎవరమూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు.

జూలైలో ఒక మధ్యాహ్నం వరండాలో కొలతలు మొదలయ్యాయి. నేను కొలుస్తున్నాను, భాగ్యం అనే నా స్నేహితురాలు రాస్తోంది. వరసలో ఏడెనిమిదో పిల్ల మునెమ్మ. కార్వేటినగరం వైపు కొండకింద పల్లె నుంచి వచ్చేది. ఎప్పుడూ ఎడమ భుజం మీద ఒక తువ్వాలు వేసుకుని ఉండేది, ఎండకేమో అనుకునేవాళ్ళం. కొలవాలి తియ్యమన్నాను, తీసి మడతపెట్టి పక్కన పెట్టుకుంది. భుజం నుంచి నడుము దాకా టేపు పట్టాను. కుడిపక్క పన్నెండు అంగుళాలు వచ్చింది. ఎడమపక్క అంత రాలేదు. ఆ భుజం కిందికి వాలి ఉంది. మళ్ళీ కొలిచి భాగ్యం చెవిలో చెప్పాను. భాగ్యం తల ఎత్తి "ఏందే? సరిగ్గా సెప్పు" అంది. నేను మా ఇంటి గొంతుతో, "కుడిపక్క పన్నెండు, ఎడమపక్క పదిన్నర!" అన్నాను.

వరస మొత్తం ఇటు తిరిగింది. "ఒక మనిషికి రెండు కొలతలా? అదెట్ల మే?" అని ఎవరో అన్నారు, అందరూ నవ్వారు. మునెమ్మ ఏడవలేదు. తువ్వాలు తీసి మళ్ళీ భుజం మీద వేసుకుని, "అయిపోయిందా అక్కా?" అని అడిగింది. మెడ కొలత ఇంకా ఉందన్నాను. దానికి కూడా నిలబడింది. అప్పటికి టీచరు గదిలోంచి వచ్చి భాగ్యం చేతిలోని పుస్తకం మూసి, "ఈ పూటకి సాలు" అన్నారు. నన్ను తిడతారని ఎదురుచూశాను. తిట్టలేదు. తిట్టి ఉంటే నా లెక్క ఆ పూటతో తేలిపోయేది. మర్నాడు పొద్దున మునెమ్మ గేటు దాటుతుంటే ఒక గుంపు "పదిన్నర వస్తాండాది సూడండి" అని కేకేసింది. ఆ రోజంతా ఆమె పేరు అదే. ఆ మరుసటి రోజు నుంచి ఆమె రావడం మానేసింది.

నాలుగు రోజులు చూశాక టీచరు ఆ పల్లె నుంచి వచ్చే మగపిల్లవాడిని అడిగితే, బడికి పోనని మొండికేసిందని, మేకల వెంట పోతోందని చెప్పాడు. ఆ పల్లె నుంచి మా స్కూలుకు వచ్చిన మొదటి ఆడపిల్ల ఆమె. "ఈ పిల్ల నిలిచిపోతే దీని వెనక ఒక్కరు కూడా రారు సార్" అని టీచరు హెడ్మాస్టరుతో అంటుంటే నేను గుమ్మం దగ్గర విన్నాను. తర్వాత నన్ను పిలిచి, "మునెమ్మ చొక్కా నువ్వు కుట్టు. ఎవురి సాయమూ తీసుకోవద్దు" అన్నారు. "ఆ పిల్ల రావడంల్యా గదా టీచర్?" అన్నాను. "రాకపోతే? కొలత తీసుకున్నాం గదా. కొలత తీసుకున్నాక చొక్కా ఇయ్యాల" అన్నారు.

మామూలుగా బట్టను రెండు మడతలు చేసి ఒక్కసారే కత్తిరిస్తాం, రెండు పక్కలూ ఒకేలా వస్తాయి. ఈ చొక్కాకు అది కుదరదు. కుడిపక్క వేరుగా, ఎడమపక్క వేరుగా కాగితం మీద గీసుకుని కత్తిరించాలి. ఒక ముక్క పాడుచేసి, రెండోది ఎలాగో తీశాను. అంతా అయ్యాక నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. ఎడమ భుజం లోపల పత్తి కూరి చిన్న మెత్తలా కుట్టాను. అది తొడుక్కుంటే రెండు భుజాలూ సమానంగా కనిపిస్తాయి, ఎవరూ పదిన్నర అనరు, నా తప్పు కూడా దాని కింద దాగిపోతుంది. గర్వంగా తీసుకెళ్ళి చూపించాను. టీచరు భుజం దగ్గర వేళ్ళతో నొక్కి చూశారు.

"ఇదేంది?"

"పత్తి టీచర్. తొడుక్కుంటే వాలినట్టు కనపడదు."

"ఆ పిల్ల అడిగిందా?"

"లేదు టీచర్."

"మరి ఏంటికి పెట్టినావు?"

నా దగ్గర ఉన్న జవాబు బయటికి చెప్పేది కాదు. "విప్పు" అన్నారు. కూర్చుని సూదిమొనతో ఒక్కొక్క కుట్టూ విప్పాను. అంత కోపం ఆమె మీద మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

శనివారం ఒంటిపూట బడి. మధ్యాహ్నం టీచరు నన్ను వెంటబెట్టుకుని కార్వేటినగరం బస్సెక్కారు. దిగాక మామిడితోటల మధ్య చాలాదూరం నడిచాం. కాపు అయిపోయింది, చెట్లకింద టెంకలు ఎండిపోయి ఉన్నాయి. మునెమ్మ వాళ్ళమ్మ మమ్మల్ని చూసి కంగారుగా చాప పరిచి, "రాండమ్మా, ఎంత దూరం వచ్చినారు. ఈ పిల్ల మాటే ఇన్లేదు. నేనేం సేసేది సెప్పు" అంది. మునెమ్మ తలుపు వెనక నుంచి చూస్తోంది. కొత్తవాళ్ళు వచ్చారని పల్లెలోని పిల్లలు అయిదారుగురు వచ్చి చుట్టూ నిలబడ్డారు.

నేను సంచిలోంచి చొక్కా తీయబోతే టీచరు ఆగమన్నారు. మెడలో టేపు తీసి మునెమ్మ చేతికిచ్చి, "ఈ అక్క కొలత తీయి" అన్నారు.

"నాకు రాదు టీచర్."

"నేను సెప్తా రా."

నా భుజం అందక మునెమ్మ అరుగెక్కింది. టేపు ఎక్కడ పట్టాలో, ఎక్కడ చూడాలో టీచరు చూపించారు. కుడిపక్క కొలిచింది. ఎడమపక్క కొలిచింది. ఆగి, మళ్ళీ కుడిపక్క కొలిచింది. టేపు మీదున్న ఆమె కళ్ళు నా మొహం మీదికి వచ్చాయి. నా భుజాలు కూడా సమానంగా లేవని నాకు అప్పుడు అర్థమైంది. ఎంత తేడానో తెలియదు. చుట్టూ ఉన్న పిల్లలు "ఎంతుండాది మే? సెప్పు మే" అని తొందరపెడుతున్నారు. గట్టిగా చెప్పేస్తుందని భయపడ్డాను, చెప్పడం న్యాయమేనని కూడా తెలుసు. మునెమ్మ అరుగు దిగి వెళ్ళి, చాప మీద పుస్తకం తెరిచి కూర్చున్న టీచరు మీదికి వంగి, చెయ్యి అడ్డం పెట్టుకుని ఆమె చెవిలో చెప్పింది. టీచరు రాసుకుని పుస్తకం మూశారు.

నేను చేసిందేమిటో నాకు పూర్తిగా తెలిసింది అక్కడే. అంత సిగ్గు నేను ఎప్పుడూ పడలేదు. "నాది తప్పు మునెమ్మా" అన్నాను. అది కూడా మగ్గాల ఇంటి గొంతుతోనే వచ్చింది. వాకిట్లో కట్టేసిన మేకలు తల ఎత్తాయి. "మెల్లగా సెప్పక్కా, ఈడే ఉండాను గదా" అంది మునెమ్మ. వాళ్ళమ్మ నవ్వింది, టీచరు కూడా.

అప్పుడు చొక్కా ఇచ్చాం. లోపలికి వెళ్ళి తొడుక్కుని వచ్చింది. భుజం దగ్గర జారకుండా, మెడ పక్కకు లాగకుండా కూర్చుంది. ఆమె భుజం ఎలా ఉందో అలాగే కనిపిస్తోంది. "ఏమన్నా మార్చాల్నా?" అని టీచరు అడిగారు. మునెమ్మ కిందికీ పైకీ చూసుకుని, "జేబు కావాల" అంది. మా ఆడపిల్లల చొక్కాలకు జేబులు ఉండవు. ఎవరూ అడగలేదు కాబట్టి మేమెప్పుడూ పెట్టలేదు. నేను పాడుచేసిన ముక్కలోంచి జేబు కత్తిరించి సోమవారం కుట్టాను.

సోమవారం అన్నాను కదా, ఆ రోజు ఆమె బడికి వచ్చింది. పదిన్నర అన్న పేరు మాయమైపోయిందని చెప్పలేను. ఏడాదిపాటు ఎవరో ఒకరు అంటూనే ఉన్నారు. ఆమె ఒక్కోసారి పలికేది, ఒక్కోసారి పలికేది కాదు. ఆగస్టు పదిహేనున వరసలో జేబున్న చొక్కా ఆమె ఒక్కదానిదే, అందులో పెన్ను కూడా పెట్టుకుంది. తర్వాతి ఏడాది ఆరో తరగతి పిల్లలందరూ జేబులు అడిగారు. మునెమ్మ పదో తరగతి దాకా చదివిందని, ఆ పల్లె నుంచి ఇంకా కొందరు వచ్చారని తెలుసు. ఆ తర్వాత ఆమె ఎక్కడుందో తెలియదు.

చాలా ఏళ్ళకు, నేను ఈ దుకాణం పెట్టుకున్నాక, తిరుపతి బస్టాండులో టీచరు కనిపించారు. రిటైరయ్యారు, జుట్టు తెల్లబడింది, గొంతు ఇంకా చిన్నదైంది. గాజుకు పిన్నీసులు మాత్రం ఉన్నాయి. మాటలన్నీ అయ్యాక అన్నేళ్ళుగా నోట్లో ఉన్న ప్రశ్న అడిగాను.

"ఆ పొద్దు మునెమ్మ మీ చెవిలో ఎంతని సెప్పింది టీచర్?"

"ఆ పొద్దు రాసేదానివి నువ్వు కాదు గదా" అన్నారు, తన బస్సు వచ్చిందని లేచారు.

ఆమె ఇప్పుడు లేరు. ఆ కొలతల పుస్తకం ఏ చెదలకో పోయి ఉంటుంది. నేను మాత్రం అన్ని విషయాల్లోనూ మగ్గాల ఇంటి మనిషినే. కూరగాయల బేరమాడితే వీధి చివరికి వినపడుతుందని మా ఆయన అంటాడు. టేపు చేతిలోకి తీసుకున్నప్పుడు గొంతు దానంతటదే తగ్గిపోతుంది. అంకె పైకి చెప్పకుండా రాసుకుంటాను. వచ్చినవాళ్ళు అడిగితే పుస్తకం వాళ్ళవైపు తిప్పుతాను. ఇన్నేళ్ళలో ఎన్ని భుజాలు కొలిచానో, రెండు పక్కలా సరిగ్గా సమానంగా ఉన్నవాళ్ళు ఎంత తక్కువో నాకు తెలుసు. నా జాకెట్లు మాత్రం పాత ఆది జాకెట్టు పెట్టే కుట్టుకుంటాను. టేపు రోజంతా మెడలోనే ఉంటుంది, అద్దం ఎదురుగానే ఉంటుంది, కొలుచుకోవడానికి నిమిషం పట్టదు. కొలుచుకోలేదు. ఆ అంకె మునెమ్మ దగ్గర ఉంది.